గోడ వెనక గొంతు

ఆ హాలులో పొద్దు గూకాక తీగ మీటకూడదంటారు.

మాట్లాడుకోవచ్చు. పెళ్ళి భోజనాలు పెట్టుకోవచ్చు. స్పీకర్లో పాటలు పెట్టుకుని గంతులేసినా ఏమీ కాదు. కానీ గిటార్ లాంటిది... తీగ ఉన్నది ఏదైనా సరే... చీకటి పడ్డాక ఆ స్టేజి మీద వాయిస్తే, గోడ వెనక నుంచి ఒక గొంతు వచ్చి కలుస్తుందట.

డాలస్‌కి దక్షిణంగా, నది దాటాక ఉంటుంది ఆ పాత ఇటుకల బిల్డింగ్. కింద మూతపడ్డ టైర్ల షాపు, పైన హాలు. హాలుకి ఒక చివర చెక్క స్టేజి, స్టేజికి వెనక గోడ. ఆ గోడకి అవతల, కిటికీ లేని ఒక చిన్న గది.

తొంభై ఏళ్ళ కిందట ఆ స్టేజి మీద నికెల్ సెరెనేడర్స్ అనే బృందం వాయించేది. నికెల్ అంటే అయిదు సెంట్ల నాణెం. మొదట్లో వీధి మూలల్లో ఆ నాణేల కోసం వాయించేవాళ్ళట, అందుకని ఆ పేరు. జాజ్ ఇంకా కుర్రతనంలో ఉన్న రోజులు. బూరలూ డప్పులూ లేవు వీళ్ళకి. ముగ్గురి చేతుల్లో చిన్న చిన్న తీగ వాద్యాలు, అంతే. టిపుల్ అంటారట దాన్ని... గిటార్‌కి చెల్లెలిలా ఉంటుంది, జంట తీగలతో. నాలుగోవాడు టోబీ. వాడు ఏమీ వాయించడు. పాడతాడు.

ఆ పాటలో మాటలుండవు. మనవాళ్ళు తందనాన అన్నట్టు, డూబ డాబ షుబిడూ అని నోటికొచ్చిన అక్షరాలతో తీగల వెంట పరిగెత్తుతాడు. స్కాట్ అంటారు దాన్ని. ఒక్కోసారి తీగలే వాడి వెనక పడేవట.

ఒక చలికాలం రాత్రి టోబీ స్టేజి మీదికి రాలేదు. మిగతా ముగ్గురూ మొదలుపెట్టేశారు. కాసేపటికి గోడ వెనక నుంచి వాడి గొంతు వినిపించింది. జనం ఇదేదో కొత్త తమాషా అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. గొంతు ఇంకా పైకి లేచింది. తీగలు ఇంకా జోరందుకున్నాయి... ఉన్నట్టుండి, పాట మధ్యలో, గొంతు ఆగిపోయింది.

దానికీ చప్పట్లు కొట్టారట.

కచేరీ ముగిశాక వెళ్ళి చూస్తే ఆ గది తలుపుకి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. లోపల గ్యాస్ పొయ్యి వెలుగుతోంది. గాలి ఆడే దారి లేదు. టోబీ తలుపుకి చెయ్యి ఆనించి పడి ఉన్నాడు.

గడియ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియలేదు.

ఇదీ ఆ హాలుకి ఉన్న పేరు. ఇక మావాళ్ళకి జరిగింది చెబుతాను. ఆ రోజు నేను అక్కడ లేను, వేరే రాష్ట్రంలో, రెడ్‌మండ్‌లో ప్రాజెక్ట్ మీద ఉన్నాను. కొంత మా చర్చి లూసీ అక్క చెప్పింది. మిగతాది మా చర్చిలో గిటార్ వాయించే కెన్నీయే చెప్పాడు, నన్ను ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి తీసుకొస్తూ. సగం దారిలో కార్ పక్కకి ఆపి మరీ చెప్పాడు.

డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చిలో మధ్యాహ్నాలు ఆరాధన చేసుకుంటాం. పోయిన డిసెంబర్లో క్రిస్మస్ సంగీత సాయంకాలం పెట్టుకోవాలనుకున్నప్పుడు, స్టేజి ఉన్న చోటు కోసం లూసీ అక్క తిరిగి తిరిగి ఆ హాలు బుక్ చేసింది. దాని ఓనర్ మిస్ కోరా అని ఒక నల్లజాతి పెద్దావిడ, స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. తాళాలిస్తూ, గిటార్లవీ ఉంటే చీకటి పడకముందే ముగించుకోండి అని చెప్పిందట. ఎందుకని అడిగితే పైన నేను చెప్పిన కథంతా చెప్పింది.

లూసీ అక్క నవ్వి ఊరుకుంది. దేవుడి పాటలు పాడుకునే చోటికి దెయ్యాలెందుకొస్తాయి అనుకుంది. ఎవరికీ చెప్పలేదు కూడా, పిల్లలు జడుసుకుంటారని.

కెన్నీది నరసాపురం. ఇర్వింగ్‌లోనే లాస్ కొలినాస్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. చర్చి మొదలైనప్పటి నుంచీ గిటార్ అతనిదే. కీబోర్డ్ వాళ్ళు మారారు, పాడేవాళ్ళు మారారు, కెన్నీ మాత్రం అదే స్టూలు మీద కూర్చునేవాడు. పాట మాత్రం పాడడు. చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ, నువ్వు ఊరికే పెదాలు కదుపు చాలు అందట. అప్పటి నుంచీ ఎవరి ముందూ గొంతెత్తలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య పర్సిస్ ఒక్క చరణం పాడండి అని ఎంత బతిమాలినా, నవ్వి గిటార్ అందుకునేవాడు.

పర్సిస్ బందరు అమ్మాయి. చర్చి పాటల బృందం క్వయర్‌లో పాడుతుంది. పెద్ద గొంతు కాదు గానీ ఎప్పుడూ తడబడని గొంతు.

అలా సాఫీగా సాగుతున్న చోటికి షాలేం రాజు వచ్చాడు.

తణుకు కుర్రాడు. కాంట్రాక్ట్ మీద ఇర్వింగ్‌లో దిగాడు. మొదటి ఆదివారమే ఎవరో రాలేదని మైక్ చేతికిచ్చారు. రెండో చరణంలో మాటలు మర్చిపోయాడు. ఇంకొకరైతే ఆగిపోయేవాళ్ళు. ఇతను కళ్ళు మూసుకుని తందనాన తానన అంటూ కెన్నీ గిటార్ వెంట ఎగిరాడు, దిగాడు, మెలి తిరిగాడు, చివరికి పల్లవి దగ్గర అందరినీ చెయ్యి పట్టుకుని దింపినట్టు దింపాడు. ముసలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే అడిగేవాళ్ళు. మాటలు గుర్తున్నా సరే, ఆ ముక్క పాడమనేవాళ్ళు.

అంతకు ముందు ఆరాధన అయ్యాక జనం కాఫీ కప్పులతో కెన్నీ దగ్గరికొచ్చి, ఇంట్రో భలే కొట్టారు బ్రదర్ అనేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు అతన్ని దాటుకుని వెళ్ళేవాళ్ళు. కెన్నీ వైర్లు చుట్టుకుంటూ ఆ వీపుల్నే చూసేవాడు.

దానికి తోడు షాలేం రాజు మంచివాడు. మీరు అలా వాయిస్తేనే నాకు పాట వస్తుంది బ్రదర్ అని, వచ్చి అతని ఆంప్, ఆ బరువైన స్పీకర్ పెట్టె, మోసేవాడు.

"వాడు చెడ్డవాడైనా బాగుండేది అన్నా," అన్నాడు కెన్నీ నాతో. "తిట్టుకోవడానికి ఏమైనా దొరికేది."

ఒకరోజు పర్సిస్ కూర కలుపుతూ ఆ తందనాన ముక్క కూనిరాగం తీసింది. తీస్తున్నట్టు ఆమెకే తెలియదు. కెన్నీ చేతిలో ప్లేటు సింక్‌లో పెట్టి, గరాజ్‌లోకి వెళ్ళి, స్టార్ట్ చెయ్యని కార్‌లో కూర్చుండిపోయాడు. అప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. వాట్సాప్ గ్రూప్‌లో షాలేం రాజు పాట పెడితే పర్సిస్ దాని కింద గుండె బొమ్మ పెట్టిందా, బొటనవేలు పెట్టిందా. తన గిటార్ క్లిప్‌కి ఏం పెట్టింది. పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ పోయి మరీ చూసేవాడు. క్వయర్ ప్రాక్టీస్‌లో ఆమె నవ్వితే ఎటు తిరిగి నవ్విందో చూసేవాడు.

ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే తన పరువు పోతుందనుకున్నాడు.

సంగీత సాయంకాలం నాడు ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. కెన్నీ అందరికంటే ముందు వెళ్ళాడు. పర్సిస్ పిల్లల దేవదూత రెక్కలవీ పట్టుకుని లూసీ అక్క కార్‌లో వస్తానంది. కెన్నీ స్టేజి మీద ఆంప్ పెట్టి, వైర్లు పరిచి, తల ఎత్తేసరికి కిటికీల్లో వెలుగు పోయింది. లైట్లు వేసుకున్నాడు. కింద మెట్ల దగ్గర ఎవరో బల్లలు మోస్తున్న చప్పుడు. పైన తనొక్కడే.

గిటార్ శ్రుతి చేసుకుని, ఊరికే ఒక వరుస వాయించాడు.

గోడ వెనక ఎవరో సన్నగా దానికి బదులు పలికారు.

డా... డాబ... డూ...

మగ గొంతు. మాటలు లేవు. కెన్నీకి వెంటనే అర్థమైంది. షాలేం రాజు. ముందే వచ్చి వెనక గదిలో గొంతు సవరించుకుంటున్నాడు. పలకరించను కూడా లేదు. తన గిటార్‌ని ఏదో రేడియోలా వాడుకుంటున్నాడు.

కెన్నీ ఆపాడు. గొంతు ఆగింది.

మళ్ళీ మీటాడు. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకాస్త దగ్గరగా.

కెన్నీకి పంతం వచ్చింది. ఎవరూ ఊహించని చోట వరుస మార్చాడు. గొంతు తడబడలేదు. వేగం పెంచాడు. గొంతు అతనికంటే ఒక అడుగు ముందుంది. పాడేవాడి ముఖం కూడా కనపడకుండానే ఓడిపోతున్నాను అనుకున్నాడు. చలిలో చెమట పట్టింది.

అప్పుడు ఆ గొంతుతో ఇంకో గొంతు కలిసింది. మెల్లగా, మూసిన పెదాలతో, ఆడ గొంతు.

పర్సిస్.

ఆ కూనిరాగం ఎక్కడున్నా గుర్తుపడతాడు. ఇంట్లో, ఒంటరిగా ఉన్నాననుకున్నప్పుడు మాత్రమే ఆమె అలా పాడుతుంది. లూసీ అక్కతో ఎప్పుడొచ్చిందో... వెనక మెట్ల మీంచి నేరుగా ఆ గదికే వెళ్ళింది. తన దగ్గరికి రాలేదు.

గిటార్ పక్కన పెట్టాడు. స్టేజి దిగి, పక్క సందులోంచి వెనక్కి నడిచాడు. గది తలుపు వేసి ఉంది. కింద సన్నటి వెలుగు గీత. గది పాత స్టోర్ రూమ్. ఎవరో సామాన్ల కోసం తలుపుకి బయట ఇనుప గడియ బిగించుకున్నారు.

లోపల పాట లేదు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పర్సిస్ మెత్తగా అంది...

"ఇంకోసారి పాడండి."

ఎన్నేళ్ళుగానో తనను అడిగి అడిగి మానేసిన మాట అది.

కెన్నీ గడియ లాగాడు. చప్పుడు కాకుండా నెమ్మదిగా లాగాననే అనుకున్నాడు.

ఏం చేద్దామని పెట్టావని నేను అడిగాను. కెన్నీ దాచలేదు. షాలేం రాజు లేకుండా ప్రోగ్రాం మొదలవ్వాలి, జనం మళ్ళీ తన గిటార్ వినాలి. అది సగం. మిగతా సగం వేరే. అందరూ వెతుక్కుంటూ వచ్చి ఆ తలుపు తీయాలి. లోపల ఆ ఇద్దరూ ఉండగా, అందరూ చూడాలి.

హాలు నిండింది. పిల్లలు రెక్కలు కట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నారు. పాస్టర్ గారు షాలేం రాజు ఏడీ అన్నారు. ఎవరో ఫోన్ చేశారు, ఎత్తలేదు. పర్సిస్ ఏదని లూసీ అక్క అడిగితే, ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే అన్నాడు కెన్నీ. టైమవుతోంది, మొదలుపెడదాం అన్నది కూడా అతనే.

ప్రార్థన అయింది. మొదటి పాట ఎత్తుకున్నారు.

రెండో పాటలో గోడ వెనక నుంచి గొంతు లేచింది.

జనం తలలు తిప్పారు. డూబ డాబ డూ... క్వయర్ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. షాలేం రాజు తమాషా అనుకున్నారందరూ. ముందు వరుసలో పిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

లూసీ అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. మిస్ కోరా చెప్పిన కథ గుర్తొచ్చిందట. లేద్దామనుకుంది, పిల్లలు జడుసుకుంటారని ఆగిపోయానంది.

కెన్నీకి ఆ కథ తెలియదు. అతనికి చప్పట్లే వినిపించాయి. గదిలో పెట్టి గడియ వేసినా చప్పట్లు వాడికే. ఆంప్ మీద గుండీ తిప్పి సౌండ్ పెంచాడు. తీగలు తెగేలా వాయించాడు. గొంతు దాన్ని కూడా దాటి పైకి వచ్చింది. ఇప్పుడు అందులో సరదా లేదు... పిలుస్తున్నట్టుంది. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అప్పుడు హాలు చివర తలుపు తెరుచుకుంది.

షాలేం రాజు. జాకెట్ తియ్యకుండా, ఆయాసపడుతూ, సారీ అన్నట్టు చెయ్యి ఊపుతూ లోపలికి వచ్చాడు. హైవే మీద యాక్సిడెంట్ అయి ట్రాఫిక్ ఆగిపోయిందట, ఫోన్‌లో ఛార్జింగ్ లేదట.

గోడ వెనక గొంతు ఇంకా పాడుతూనే ఉంది.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తలలు తలుపు నుంచి గోడకి, గోడ నుంచి తలుపుకి తిరిగాయి. ఒక పిల్ల ఏడుపందుకుంది.

కెన్నీ వేళ్ళు ఆగలేదు. వాటికి వాయించడం తప్ప ఏమీ తోచలేదు. తలలో మాత్రం ఒకటే... షాలేం రాజు అక్కడున్నాడు. పర్సిస్ లోపలుంది. మరి ఆమెతో ఉన్నది ఎవరు?

వెంటనే లేవాలి. పరిగెత్తి ఆ తలుపు తీయాలి. కానీ లేచి నేరుగా అక్కడికే వెళ్తే, గడియ పెట్టి ఉందని నీకెలా తెలుసు అంటారు. అందరి ముందూ అంటారు. షాలేం రాజు ముందు అంటారు. ఆ ఒక్క ఆలోచన అతన్ని స్టూలుకి అతికించేసింది.

"ఇంకో చరణం వాయించాను అన్నా," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. "ఇంకో చరణం వాయించాను."

ఆ చరణం మధ్యలో, అక్షరం సగంలో తెగినట్టు, గొంతు ఆగిపోయింది.

గిటార్ నేల మీద పడిన చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు. కెన్నీ అప్పటికే సందులో ఉన్నాడు. గడియ తను పెట్టినట్టే ఉంది. లాగి తలుపు తోశాడు. లోపల చీకటి. ఉక్కపోతలా వేడి గాలి మొహాన కొట్టింది. పిల్లలు బట్టలు మార్చుకోవడానికి చలిగా ఉంటుందని ఎవరో పాత గ్యాస్ హీటర్ వెలిగించి పెట్టారు. బల్బు ఆరిపోయి ఉంది. హీటర్ నీలిమంట ఒక్కటే వెలుగు.

ఆ వెలుగులో అతని కళ్ళు ముందు మగమనిషి కోసం గది నాలుగు మూలలా వెతికాయి. ఎవరూ లేరు. ఆ తర్వాతే పర్సిస్‌ని చూశాడు. ముందు ఎవరి కోసం వెతికాడో, అదే తనను ఇప్పటికీ నిద్రపోనివ్వదన్నాడు.

పర్సిస్ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. తల వాలిపోతోంది. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

షాలేం రాజు వెనకే వచ్చాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఇద్దరూ కలిసి ఆమెను మెట్ల మీదుగా కిందికి, చలిగాలిలోకి మోసుకొచ్చారు. అంబులెన్స్ వచ్చింది.

హాస్పిటల్లో ఆక్సిజన్ పెట్టారు. హీటర్ పొగ ఎక్కితే మనిషికి తెలియకుండా నిద్ర ముంచుకొస్తుందని, ఆ నిద్రలోకి జారితే తిరిగి రావడం కష్టమని డాక్టర్ చెప్పింది. ఈమె ఎలా మెలకువగా ఉందో గానీ అదే కాపాడిందంది.

లూసీ అక్క ఫోన్ చేస్తే మిస్ కోరా కర్ర ఊతంగా హాస్పిటల్‌కి వచ్చింది. వరండాలో కెన్నీ పక్కన కూర్చుంది. టోబీ కథ మొదటి నుంచీ చెప్పింది. లూసీ అక్కకి చెప్పని ముక్క ఒకటి ఉందంది.

"గడియ పెట్టింది మా తాత," అంది.

ఆయన పేరు ఎజ్రా. ముగ్గురు తీగలవాళ్ళలో పెద్దవాడు. ఆ బృందాన్ని కట్టింది ఆయనే. ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడుగుతున్న టోబీని తీసుకొచ్చి స్టేజి ఎక్కించింది ఆయనే. ఏడాది తిరిగేసరికి జనం టోబీ పేరే అరిచేవాళ్ళు. ఆ రాత్రి రికార్డుల కంపెనీవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒక్కసారైనా వాళ్ళు తీగలు మాత్రమే వినాలనుకున్నాడు ఎజ్రా. రెండు పాటలయ్యాక గడియ తీసేద్దామనుకున్నాడు. తీరా గొంతు వినిపించి జనం చప్పట్లు కొడుతుంటే స్టేజి దిగలేకపోయాడు. దిగితే తెలిసిపోతుంది. ఇంకొక్క పాట, ఇంకొక్క పాట అనుకుంటూ...

తర్వాత ఎజ్రా చాలాకాలం బతికాడట. ఇంకెక్కడా కచేరీ చెయ్యలేదు. ముసలితనంలో ఆ బిల్డింగే కొనుక్కున్నాడు. సాయంత్రమైతే టిపుల్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, ఒక్కడే కూర్చుని వాయించుకునేవాడు. ఎవరి కోసం తాతా అని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. పోయే ముందు మాత్రం కూతురికి నిజం చెప్పి పోయాడు.

కెన్నీ ఆ వారంలోనే పాస్టర్ గారి దగ్గర అంతా ఒప్పుకున్నాడు. షాలేం రాజు ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. అతను అంతా విని లోపలికి రమ్మన్నాడట. ఇప్పటికీ ఇద్దరూ కలిసే వాయిస్తారు గానీ, మునుపటిలా షాలేం రాజు ఆంప్ మొయ్యడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రాత్రి హాస్పిటల్ నుంచి ఇంటికొస్తుంటే కార్‌లో జరిగింది ఒకటుంది. కెన్నీ నన్ను దారిలో ఆపింది అది చెప్పడానికే.

హైవే మీద బండ్లు పల్చబడ్డాయి. పర్సిస్ పక్క సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. మిస్ కోరా చెప్పినదేదీ ఆమెకి తెలియదు.

"గడియ పెట్టింది మీరేనని నాకు తెలుసు," అంది.

కెన్నీ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"మీ నడక నాకు తెలీదా. కోపమొస్తే మీరు మడమ నొక్కి నడుస్తారు. ఆ కోపం దేనికో మాత్రం అర్థం కాలేదు. స్టేజి మీద గిటార్ వాయిస్తూ మీరు పాడుతున్నారనుకున్నాను. ఇన్నేళ్ళకి పాడారు కదా అని నేనూ కలిపాను. ఇంకోసారి పాడండి అన్నది మీతోనే."

కెన్నీకి కళ్ళముందు రోడ్డు మసకబారింది. ఏ గొంతు మీద అసూయతో గడియ పెట్టాడో, ఆమె చెవికి అది తన గొంతే.

పర్సిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పుకుపోయింది. రెక్కలు లూసీ అక్కకిచ్చి, పిల్లలు బట్టలు మార్చుకునే గది సర్దుదామని అటు వెళ్ళిందట. మొదట తలుపు బాదింది. గోడ అవతల పిల్లల గోలా పాటలూ కీబోర్డూ హోరుమంటుంటే ఎవరికి వినపడుతుంది. ఫోన్ లూసీ అక్క బ్యాగ్‌లో ఉండిపోయింది. తర్వాత బల్బు ఆరిపోయింది. కాళ్ళు బరువెక్కి కింద కూర్చుండిపోయింది.

"ఎవరికీ చెప్పనులెండి," అంది. "ఎందుకంటే... మీరు తిరిగి వచ్చారు కదా. చీకట్లో వచ్చి నా పక్కన కూర్చున్నారు. నాకు కళ్ళు మూతపడినప్పుడల్లా నా చెయ్యి నొక్కి లేపారు. లేకపోతే నిద్రపోయేదాన్ని. గోడ వైపు ఎవరో పాడుతూనే ఉన్నారు. మీరిక్కడుంటే అక్కడ పాడేదెవరా అని ఒకసారి అనిపించింది... తల దిమ్ముగా ఉండి వదిలేశాను."

ఊఁ అంటే సరిపోయేది. ఆమె మన్నించేసింది. అనేద్దామా అని కూడా అనుకున్నాడట కెన్నీ. కానీ ఆమెను మెలకువగా ఉంచిన ఆ మంచి కూడా తనది కాదు. దాన్ని దొంగిలించుకోవడానికి మనసొప్పలేదు.

"నేను రాలేదు పర్సీ. తలుపు తీసేదాకా స్టేజి మీదే ఉన్నాను. వాయిస్తూనే ఉన్నాను."

అతను తర్వాతి ఎగ్జిట్ తీసుకుని, మూసి ఉన్న గ్యాస్ స్టేషన్ ముందు కార్ ఆపాడు.

"మీ ఎడమ చెయ్యి ఇవ్వండి," అంది పర్సిస్.

ఇచ్చాడు. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళ చివరలు ఒక్కొక్కటే తడిమింది. తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాసిన వేళ్ళు.

"ఇలాగే కాయలున్నాయి... అందుకే మీరే అనుకున్నాను," అంది గుసగుసగా. అతని చెయ్యి వదిలేసి, తన చేతిని దుప్పటి లోపలికి లాక్కుంది.

"కానీ చర్మం వదులుగా, ముడతలు పడి ఉందండీ. అది ముసలాయన చెయ్యి."